లీడ్స్ టైములో కాగే నీళ్లు

బెంగళూరు చలి కూడా ఒక చలేనా అని ఢిల్లీవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున్న ఊరిది. డిసెంబరు తెల్లవారుజామున కుళాయి కింద చెయ్యి పెట్టి అప్పుడు మాట్లాడమనండి. అందుకే ఇక్కడ చాలా డాబాల నెత్తిన ఓ సోలార్ ట్యాంకు కూర్చుని ఉంటుంది. మాదీ ఉంది, 200 లీటర్లది. మబ్బు రోజుల కోసం దాని లోపల 2 కిలోవాట్ల కాయిల్, ఆ కాయిల్‌కి వంటింటి గోడ మీద ఒక స్విచ్చు. ఎర్రదీపం వెలిగితే నీళ్లు కాగుతున్నట్టు, ఆరితే లేనట్టు. కళ్లజోడు లేకుండా మా అమ్మ చదవగలిగినది ఇంట్లో అదొక్కటే.

ఆ స్విచ్చు మా అల్లుడుగారి కంట పడింది.

ఆయనా మా అమ్మాయీ ఇంగ్లాండులో, లీడ్స్‌లో ఉంటారు. అక్కడ ఇల్లు మొత్తానికీ ఒకటే గ్యాస్ బాయిలరట. అది నీళ్లు కాచి గొట్టాల్లోకి తోస్తే, కిటికీల కింద ఉన్న రేడియేటర్లు వేడెక్కి గదులు వెచ్చబడతాయి. గోడలోంచి వైరు లాగిన పాత థర్మోస్టాటును ఆయన పీకేసి, బాయిలరు పక్కన ఒక రిసీవరు, హాల్లో బ్యాటరీలతో నడిచే ఇంకో డబ్బా పెట్టుకున్నారు. వైరు లేకుండానే అవి రెండూ మాట్లాడుకుంటాయి. పెత్తనమంతా ఫోనుది.

"ఆఫీసులో బస్సెక్కుతూ నొక్కేస్తాను మావయ్యగారూ, ఇంటికెళ్లేసరికి వెచ్చగా ఉంటుంది" అన్నారు.

మేమిక్కడ బస్సెక్కుతూ నొక్కితే, ఈ ట్రాఫిక్‌లో మారతహళ్లి కూడలి దాటేసరికి ఇల్లు ఉడికి చల్లారిపోతుంది. ఆ మాట పైకి అనలేదు. అల్లుడితో అలా మాట్లాడకూడదని మా ఆవిడ పెళ్లినాడే చెప్పి పెట్టింది.

డిసెంబరు మొదట్లో సెలవుకొచ్చిన మనిషి మూడోనాటికల్లా ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు. వంటింటి స్విచ్చు ఊడింది, ఆ కంతకు తెల్లటి ప్లేటు పడింది. డాబా మెట్ల దగ్గర ఒక పెట్టె బిగించి, అందులో వైఫై స్విచ్చు పెట్టి, నాలుగు స్క్రూలతో మూత వేశారు. కాయిల్ లాగేది తొమ్మిది ఆంపియర్ల లోపే, స్విచ్చు 16 ఆంపియర్లది, కాబట్టి ఆ లెక్కలో వంక పెట్టడానికేమీ లేదు. హాల్లోని వైఫై మెట్ల దాకా ఎక్కనంటే దారి మధ్యలో ఇంకో డబ్బా కొన్నారు. ఎలక్ట్రీషియన్ మాత్రం చేతిలో పాత స్విచ్చు పట్టుకుని, "చెన్నాగే ఇత్తల్లా సార్" అన్నాడు. బాగానే ఉండేది కదా అని. ఆ ముక్క నేను అల్లుడుగారికి తెలుగు చేయలేదు.

ఆయన ఉన్నన్నాళ్లూ మహారాజులా గడిచింది. పడుకోబోయే ముందు తనే ఫోనులో నొక్కేవారు, తెల్లారేసరికి పొగలు కక్కే నీళ్లు. లీడ్స్ బాయిలరున్న యాప్‌లోనే మా ట్యాంకునూ కలిపేశానని మురిసిపోయారు. వేడి 5 డిగ్రీలకు పడిపోతే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టకుండా దానంతటదే వెలిగే ఏర్పాటు కూడా దీనికి పెడతానన్నారు. బెంగళూరులో ఇంతవరకు నమోదైన కనిష్ఠం 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. పెట్టనివ్వండి, పాపం, అదెప్పుడో ఒకప్పుడు పనికొస్తుందేమో అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం నుంచి ఫోను చేశారు. "ఇక మీరు ముట్టుకోనక్కర్లేదు మావయ్యగారూ. 200 లీటర్లు పాతిక డిగ్రీలు పెరగాలంటే మూడు గంటలు పడుతుంది. అందుకని తెల్లవారుజామున మూడింటికి ఆన్, ఆరింటికి ఆఫ్ పెట్టాను."

ధనుర్మాసం మొదలైంది. పైగా ముసురు. సూర్యుడి జాడ లేదు. నాలుగున్నరకు స్నానానికి వెళ్లిన అమ్మ బాత్రూములోంచి వేసిన కేక వీధి చివరి కుక్కలకు కూడా వినిపించినట్టుంది, అవీ అందుకున్నాయి.

"ఒరేయ్! నీ అల్లుడు నీళ్లు కాచాడా, ఐసు పెట్టాడా?"

పెట్టె తెరుద్దామంటే స్క్రూ డ్రైవరు కనబడదు. యాప్ తెరిస్తే నేను అతిథినట, చూడవచ్చు గానీ ముట్టుకోరాదట. అనుమతి కోసం ఓటీపీ లీడ్స్‌కు వెళ్లింది. అక్కడ రాత్రి పదకొండు దాటింది, అల్లుడుగారు నిద్రలో ఉన్నారు. మా ఆవిడ అటక మీంచి పాత హీటరు రాడ్డు దింపి బకెట్లో వేలాడదీసింది. అమ్మ శాలువా కప్పుకుని దాని ముందు కూర్చుంది, స్నానానికి ముందే సగం పూజ అయిపోయింది.

ఆ రోజు పదకొండింటికి పనమ్మాయి అంట్లు తోముతూ, "అమ్మగారూ, నాకోసం ఇన్ని వేణ్నీళ్లా!" అని చేతులు ఊదుకుంది. మర్నాడూ అంతే. తెల్లవారుజామున మంచునీళ్లు, పదకొండింటికి కాగిన నీళ్లు. సంగతేమిటంటే, యాప్‌కు తెలిసిన ఇల్లు లీడ్స్‌లో ఉంది. అక్కడ మూడైతే ఇక్కడ ఎనిమిదిన్నర. ముసురు వదిలాక ఇంకా బాగుంది. డాబా మీద సూర్యుడు డ్యూటీకి వచ్చేవేళకే కరెంటు ఆయన పని అందుకుంటోంది.

అక్కడితో అయిపోతే సర్దుకుపోదుము. లీడ్స్ ఇంట్లో ఇంకో నిబంధన ఉంది: ఇద్దరి ఫోన్లూ గడప దాటితే వేడి బంద్, ఎవరో ఒకరు ఇల్లు చేరితే వేడి మొదలు. బాయిలరుకు అది భేషైన ఏర్పాటే, ఖాళీ ఇంటికి గ్యాసు తగలేయడమెందుకు? కానీ మా ట్యాంకూ అదే గుంపులో ఉంది. సెలవులు ముగిశాక వాళ్లు ఆఫీసు నుంచి ఇల్లు చేరితే అర్ధరాత్రి ఇక్కడ కాయిల్ వెలిగేది. వాళ్లు కూరగాయలకెళ్తే ఆరిపోయేది. రోజుకు ఆరేసి యూనిట్లు దీనికే పోయాయేమో, నెల తిరిగేసరికి మీటరు 200 యూనిట్లు దాటింది. 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు కర్ణాటక సర్కారు ఉచితంగా కరెంటిచ్చే గృహజ్యోతి పుణ్యమా అని 2023 నుంచి సున్నా చూసిన బిల్లు మీద తొలిసారి అంకెలు పడ్డాయి. 200 దాటితే పైదానికే కాదు, మొత్తానికీ కట్టాలి. మా ఆవిడ బిల్లు రెండుసార్లు చదివి, "అల్లుడుగారితో అనకండి, బాధపడతారు" అంది.

చివరికి పాత ఎలక్ట్రీషియనే వచ్చాడు. స్విచ్చు మళ్లీ వంటింటి గోడెక్కింది, ఎర్రదీపంతో సహా. మరి ఆ పెట్టె? పీకేస్తే యాప్‌లో "ఆఫ్‌లైన్" అని పడుతుంది, అల్లుడుగారికి తెలిసిపోతుంది. అతను కాసేపు బుర్ర గోక్కుని, కాయిల్‌కి వెళ్లే వైరు తప్పించి, దాని చోట మెట్ల మీద ఒక జీరో బల్బు తగిలించాడు. పెట్టెకు చేతినిండా పనుంటుంది, బిల్లుకు ప్రమాదం లేదు. ఆ కుర్రాడికి కూలీతో పాటు పొంగలి కూడా పెట్టింది అమ్మ.

నెలకోసారి అల్లుడుగారు అడుగుతారు, "ఎలా పనిచేస్తోంది మావయ్యగారూ?" ఒక్క పూట కూడా తప్పడం లేదంటాను. అబద్ధం కాదు. మార్చి ఆఖరి ఆదివారం ఇంగ్లాండు గడియారాలు గంట ముందుకు జరిగితే, ఇక్కడ మా బల్బు కూడా ఆ రోజు నుంచే ఏడున్నరకు వెలగడం మొదలెట్టింది.

మొన్న రాత్రి భోజనాల దగ్గర మెట్ల మీద బల్బు టక్కున ఆరింది. అమ్మ పెరుగన్నం కలుపుతూ, "పిల్లలు షికారుకెళ్లారర్రా" అంది. మా ఆవిడ ఆగలేక ఎడమచేత్తోనే ఫోను కలిపింది.

"ఎక్కడికే, ఇద్దరూ బయల్దేరారు?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "అమ్మా, నీకెలా తెలిసింది? ఇప్పుడే తలుపు తాళం వేస్తున్నాం!"