‘పైరసీ అంటే ఫ్రీ పబ్లిసిటీ’ అనేవాళ్లకు

నల్గొండ కుర్రాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పైరసీ అంటే గేమ్ కంపెనీలకు లోలోపల ఇష్టమేనట, ఫ్రీ పబ్లిసిటీ కదా! మైన్‌క్రాఫ్ట్ గేమ్ చేసినాయనే పైరసీ చేసుకోమన్నాడట. అమ్ముకోనంత వరకు కేసు కాదట. టీషర్టు మీద గేమ్ బొమ్మ వేసి అమ్మితే అడిగే నాథుడే లేడట.

మైన్‌క్రాఫ్ట్ సంగతి నిజమే, కానీ సగమే. 2012లో, కొనే స్తోమత లేదన్న ఒకతనికి ఆ గేమ్ చేసిన మార్కస్ పర్సన్ ఆ మాట అన్నాడు. డబ్బులొచ్చాక ఇంకా నచ్చితే కొనుక్కోమనీ అన్నాడు. ఆ ముక్కను మాత్రం హాయిగా కత్తిరించేశారు. అయినా ఆయన గేమ్, ఆయన ఇష్టం. జపాన్ గేమ్ కంపెనీ నింటెండో దగ్గర ఇది చెల్లదు. దాని గేమ్ మెషిన్ స్విచ్‌లో పైరసీ గేములు ఆడించే పరికరాలు అమ్మిన ముఠాలోని గ్యారీ బౌసర్‌కు 2022లో అమెరికా కోర్టు 40 నెలల జైలు వేసింది. 2024లో, స్విచ్ గేములను కంప్యూటర్‌లో ఆడించే యుజు ఎమ్యులేటర్ వాళ్లు నింటెండోతో 24 లక్షల డాలర్లకు రాజీపడి దుకాణం సర్దేశారు.

ఇక పబ్లిసిటీ. 2013లో ఇద్దరు అన్నదమ్ములు ‘గేమ్ డెవ్ టైకూన్’ విడుదల చేస్తూ, దాని క్రాక్ కాపీని, అంటే కొనకుండా ఆడుకునే దొంగ కాపీలాంటిదాన్ని, కూడా తామే టొరెంట్‌లో (జనం ఫైళ్లు పంచుకునే చోట) పెట్టారు. మనం ఒక గేమ్ కంపెనీ నడపడమే ఆ ఆట. క్రాక్ కాపీలో మాత్రం కాసేపటికి పైరసీ దెబ్బకు మన కంపెనీ దివాలా తీస్తుంది. మొదటి రోజు కొన్నవాళ్లు 214 మంది, క్రాక్ ఆడినవాళ్లు 3,104 మంది. పైగా అందులో కొందరు ఈ పైరసీని ఆపే దారేదీ లేదా అని ఆన్‌లైన్‌లో మొరపెట్టుకున్నారు! ‘విచర్ 3’ గేమ్ కాపీని ఆపే ఏ లాకూ లేకుండానే వచ్చి బాగా అమ్ముడైంది, ఒప్పుకుంటాను. కానీ కంపెనీయే లాకు లేకుండా అమ్మడం వేరు, ఎవరో ఊరికే పంచడం వేరు.

అమ్మకపోతే కేసు కాదన్నది శుద్ధ అబద్ధం. పైరసీ అని తెలిసీ ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో వాడటమే కాపీరైట్ చట్టం 63బి కింద నేరం. లాభం కోసం కాకపోతే కోర్టు జైలు లేకుండా 50 వేల వరకు జరిమానాతో వదలొచ్చు, అంతే.

టీషర్టుల విషయానికొస్తే, అభిమానులు కొద్ది సంఖ్యలో వస్తువులు చేసుకోవడానికి అనుమతిచ్చే కంపెనీలు ఉన్నాయి. ఆ షరతులు వాళ్ల సైట్లలోనే ఉంటాయి, చదవాలి. ప్రింట్ చీరను పోచంపల్లి ఇక్కత్ అని అంటగడితే మన చేనేతవాళ్లకు ఎంత మండుతుందో వీళ్లకూ అంతే మండుతుంది. ప్రకాశం బజార్‌లో షాపు పెట్టుకున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: కాపీ సరుకును ఎస్సై స్థాయి అధికారి వారంటు లేకుండానే జప్తు చేయొచ్చు. తెలిసీ కాపీరైట్ ఉల్లంఘించడమనే 63వ సెక్షన్ నేరానికి బెయిలు హక్కుగా రాదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.