అయిదో వాక్కు

వాక్కుకు నాలుగు పాదాలని ఋగ్వేదం చెప్పింది. మూడు గుహలో దాగి ఉంటాయట, మనుషులు పలికేది నాలుగోది మాత్రమేనట. తరువాతి వాళ్లు పరా, పశ్యంతి, మధ్యమ, వైఖరి అని పేర్లు పెట్టి మూలాధారం నుంచి నాభి, హృదయం, కంఠం దాకా మెట్లు కట్టారు. పాపం, వాళ్లకు మా నెల్లూరు వీధిలో వేపచెట్టు సంగతి తెలియదు. అయిదో మెట్టు దాని కొమ్మకు కట్టి ఉంది. గుడి మైకు తాలూకు రేకు బాకా. నోరు తిన్నగా మా పడకగది కిటికీకేసి.

ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజాము నాలుగున్నరకే సాధన మొదలు. ముందుగా మైకుసెట్టు కుర్రాడు మైకు మీద వేలితో టకటకా కొడతాడు. ఇది ఆహత నాదం. తర్వాత "ఉఫ్, ఉఫ్, హలో" అంటాడు. ఓంకారానికి ముందు ఇది తప్పనిసరి. ఆ వెంటనే, ఎవరూ దేన్నీ కొట్టకుండానే, 'కుయ్య్'మని ఒక ధ్వని పుట్టి వెన్నులోకి దిగుతుంది. కొట్టకుండా పుట్టేదే కదా అనాహతం! దాని కోసం యోగులు ఏళ్ల తరబడి చెవులు మూసుకుని కూర్చున్నారు. మాకు రోజూ ఉచితం. చెవులు మూసుకోవడం మాత్రం వాళ్లకూ మాకూ ఉమ్మడి.

మనుస్మృతిలో ఒక లెక్క ఉంది. విధియజ్ఞం కంటే జపం పది రెట్లు గొప్ప. పెదవి కదిలీ కదలనట్లు చేసే ఉపాంశువు నూరు రెట్లు, మనసులోనే చేసుకునేది వెయ్యి రెట్లు. ఇది గుడి కమిటీ పెద్దాయనకు విన్నవించాను. శ్రద్ధగా విని, "వెయ్యి అంటే వాట్లే కదా సార్?" అన్నాడు.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట మైకులు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అంటున్నాయి. వాటిని మా వీధి మానస జపంగా పాటిస్తోంది.

ఈ ఊళ్లోనే తిక్కన పదిహేను పర్వాలు చెప్పాడు. ఎదురుగా రాసుకోవడానికి గురునాథుడొక్కడే ఉండేవాడంటారు. అంత చిన్న సభతో ఆయన ఎలా నెగ్గుకొచ్చాడో!

మొన్న పాశురం మధ్యలో కరెంటు పోయింది. బాకా మూగబోయింది. చీకట్లో గుళ్లోంచి అర్చకుడి గొంతు సన్నగా, ఒక్కో మాటా విడివిడిగా వినిపించింది. ఇన్నేళ్లుగా వింటున్న పాశురంలో మాటలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. లేచి కిటికీ తెరిచాను. ఆయన తరువాతి పాదం ఎత్తుకునేలోగా ఎవరో జనరేటరు తాడు లాగారు.