మొదటి ఎత్తు మీద మూడేళ్ల పరిశోధన

చదరంగంలో తెల్లపావులు వచ్చినవాడికి మొదటి ఎత్తుకి 20 దారులుంటాయి. బంట్లతో 16, గుర్రాలతో 4. పెళ్లిసంబంధాలు కూడా నేను ఇన్ని చూడలేదు. ఈ 20లో ఏది మేలో తేల్చే పనిలో మూడేళ్లుగా ఉన్నాను. రెండో ఎత్తు సంగతి ఇంకా మొదలుపెట్టలేదు. అవతలివాడు తన 20లో ఒకటి ఆడేసరికే బోర్డు 400 రకాలుగా మారే వీలుంది మరి. తొందరపడితే ఎలా?

ముందు తాలు చెరిగేశాను. బోర్డు మీద ప్రతి గడికీ ఒక అక్షరం, ఒక అంకె కలిపి పేరుంటుంది. బంటుని ఎఫ్3 గడిలోకి జరపడం పనికిరాదు. అది ఆడి, వెంటనే జీ4 కూడా ఆడితే, ఈలోగా ఈ5 ఆడి దారి చేసుకున్న నల్లమంత్రి హెచ్4లోకి వచ్చి కూర్చుంటాడు. రెండు ఎత్తులకే ఆట కట్టు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, సొంత అనుభవం.

అసలు పేచీ ఈ4కీ డీ4కీ మధ్య. అంటే రాజు ముందున్న బంటుని రెండు గళ్లు జరపాలా, మంత్రి ముందున్నదాన్నా అని. ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్నంత పాత తగాదా. ఆదివారం టోర్నమెంట్ జరిగే హాలు బయట మెట్ల మీద చూడండి, లోపల పిల్లలు ప్రశాంతంగా ఆడుకుంటుంటే బయట తండ్రులు రెండు పార్టీలుగా చీలిపోయి ఉంటారు. ఈ4 పార్టీవాళ్లకి అమెరికా ఛాంపియన్ బాబీ ఫిషర్ కులదైవం. ఆడి చూసి తేల్చిన ఎత్తు ఇదేనన్నాడాయన. అదే ఫిషర్ 1972లో ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యవిక్‌లో, అప్పటి ప్రపంచ ఛాంపియన్ స్పాస్కీ మీద ఆరో గేమ్ సీ4తో మొదలుపెట్టాడు, గెలిచాడు. ఓడిపోయిన స్పాస్కీయే చప్పట్లు కొట్టాడు. ఈ ముక్క ఎత్తితే ఆ పార్టీవాళ్లు టీ తాగడానికి లేచి వెళ్లిపోతారు.

డీ4 పార్టీవాళ్లది ప్రాంతీయాభిమానం. "మన గుడివాడ అమ్మాయి హంపి ఎక్కువగా ఆడేది డీ4 అండీ! 2019లో ఒకసారి, 2024లో ఒకసారి వరల్డ్ రాపిడ్, అదే వేగం ఆటల ప్రపంచ టైటిల్, కొట్టింది. ఇంకేం కావాలి?" అంటారు. నాకు తెలిసి ఆవిడ రెండో ఎత్తు నుంచి కూడా బాగానే ఆడుతుంది. మెట్ల మీద ఆ పాయింటుకి విలువ లేదు.

పోనీ కంప్యూటర్నే అడుగుదామంటే, అది ఈ4కీ డీ4కీ దాదాపు ఒకే మార్కులు వేసి, మొత్తమ్మీద తెల్లపావులకి ఓ పావు బంటు, ఇంకాస్త మొగ్గు ఉందంటుంది. బంటులో పావు వంతు! మా వీధి కూరగాయలామె కొసరు వేసేది అంతకన్నా ఎక్కువ.

నా ఆటల సంగతీ చెప్పాలి. సాధారణంగా పదో ఎత్తు దగ్గర నా మంత్రిని అవతలివాడి గుర్రం నోట్లో పెట్టి ఓడిపోతుంటాను. ఇంటికొచ్చి నిజాయితీగా విశ్లేషించుకుంటే, ప్రతిసారీ తప్పు మొదటి ఎత్తులోనే ఉందని తేలుతుంది. అందుకే 14 గంటల వీడియో కోర్సు కూడా కొన్నాను. అందులో నల్లపావులవాడు చాలా పద్ధతైన మనిషి, ఏం ఆడమంటే అదే ఆడతాడు. అలాంటివాడు నాకు ఒక్కసారీ తగల్లేదు.

మొన్న ఆదివారం నేనే బోర్డు ముందు కూర్చున్నాను. ఒక్కొక్కరికి పది నిమిషాల ఆట. ఎదురుగా తొమ్మిదేళ్ల పిల్ల, రెండు జడలు, చేతిలో వాటర్ బాటిల్. నాలుగు నిమిషాలు మథనపడ్డాను. చివరికి ఈ4నీ డీ4నీ కాదని గుర్రాన్ని ఎఫ్3కి దూకించాను. ఎటూ తేల్చుకోలేనివాళ్ల కోసమే దేవుడు ఆ ఎత్తు పెట్టాడు. చేతులు కట్టుకుని వెనక్కి ఒరిగాను.

ఆ పిల్ల కదల్లేదు. బోర్డు చూసింది, నన్ను చూసింది, మంచినీళ్లు తాగింది. ఒక నిమిషం, రెండు, మూడు. మూడేళ్ల తపస్సు ఫలించిందనుకున్నాను. ఒక్క ఎత్తుకే పాపం దిక్కు తోచడం లేదు! చిన్నపిల్ల కదా, కొంచెం జాలేసింది కూడా. కంగారేం లేదమ్మా, నిదానంగా ఆలోచించుకో అన్నట్టు నవ్వాను.

ఆరో నిమిషానికి బాటిల్ మూత బిగించి, గడియారం నావైపు తిప్పింది.

"అంకుల్, మీరు క్లాక్ నొక్కలేదు. మీ టైమ్ అయిపోయింది."