వాడపల్లి దాటినంక మన మురుగు యాడికి పోతది?

మురుగుశుద్ధి గురించి ఎవరన్న గట్టిగ మాట్లాడితే చాలు, "నల్లగొండ యాడ, సముద్రం యాడ, మన మురుగు అక్కడిదాక పోతదా" అంటరు. పోతది. అనంతగిరి గుట్టల్ల పుట్టిన మూసీ హైదరాబాద్ మురుగును మోసుకొని వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. అక్కడికెల్లి పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దిక్కు సముద్రంల పడుతది. అక్కడ ఉన్నయి మడ అడవులు. రొయ్యపిల్ల, చేపపిల్ల పెరిగేది ఆ వేర్ల సందుల్లనే.

నడుమ కత్వలు, చెరువులు, బ్యారేజీలు కొంత కడుగుతయి, నిజమే. కుళ్లే మురుగు దారిల అరిగిపోతది. మురుగుల ఉన్న నైట్రోజన్ నైట్రేట్‌గ మారితే అట్ల కాదు, నీళ్లల్ల కరిగి చానా దూరం పోతది. మంచినీళ్లల్ల నాచుకు మామూలుగ ఫాస్ఫరస్ తక్కువ పడుతది, ఉప్పునీళ్లల్ల నైట్రోజన్ తక్కువ పడుతది. మనం వదిలిపెట్టిన నైట్రోజన్ అక్కడ నాచుకు మేత. ఆ నాచు చచ్చి కుళ్లితే నీళ్లల్ల ఆక్సిజన్ పడిపోతది.

అయినా 2017ల మురుగుశుద్ధి ప్లాంట్లకు కేంద్రం ఇచ్చిన ప్రమాణాలల్ల బీవోడీ (కుళ్లే మురుగు ఎంత ఆక్సిజన్ తింటదో చెప్పే లెక్క), తేలే మట్టి, కోలిఫాం (మలంల ఉండే బ్యాక్టీరియా) ఉన్నయి గని నైట్రోజన్ ఊసే లేదు. 2019ల జాతీయ హరిత ట్రిబ్యునల్ పెద్ద నగరాలకు మొత్తం నైట్రోజన్ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటొద్దన్నది. ప్లాంటు గేటు కాడి బోర్డు మీద మాత్రం ఇప్పటికీ "ఇన్ని ఎంఎల్‌డీ" అనే రాస్తరు. ఎంఎల్‌డీ అంటే ప్లాంటు రోజుకు ఎన్ని పది లక్షల లీటర్ల మురుగు పట్టుతదో చెప్పే లెక్క. శుద్ధి సంగతి దాంట్ల ఏముంటది?

అసలు కథ బ్లోయర్ల కాడ, అంటే తొట్టిలకు గాలి కొట్టే మిషిన్ల కాడ ఉంటది. ప్లాంటు కరెంటుల సగం దాకా అవే తింటయి, అందుకే బిల్లు తగ్గియ్యాలంటే మొదట ఆగేవి అవే. మురుగుల అమ్మోనియాగ ఉన్న నైట్రోజన్‌ను తీసెయ్యాలంటే మొదలు గాలి కొట్టి నైట్రేట్‌గ మార్చాలె, తర్వాత ఆ నైట్రేట్‌ను గాలిలకు పంపాలె. ఒక మిల్లీగ్రాం అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గ మారాలంటే 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలె. తొట్టిల ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల చుట్టు నిలవాలె. ఆ పని చేసే బ్యాక్టీరియా నెమ్మదిగ పెరుగుతది, ఒకసారి కొట్టుకుపోతే మళ్ల పుంజుకోనీకి వారాలు పడుతది. తొట్టి అడుగున గాలిని బుడగలుగ వదిలే డిఫ్యూజర్ల పొర మూసుకపోయి చిన్న బుడగల బదులు పెద్ద బుడగలొస్తే, బ్లోయర్ తిరుగుతున్నా గాలి దండగే.

ఇంకోటి, ఈ మార్పుల క్షారం (నీళ్లు ఆమ్లం కాకుండ ఆపేది) కూడ ఖర్చయితది, ప్రతి మిల్లీగ్రాం అమ్మోనియా నైట్రోజన్‌కు 7.14 మిల్లీగ్రాములు. అది అయిపోతే పీహెచ్ దిగుతది, పని ఆగుతది. సున్నం పోస్తరు కొందరు. ముందల గాలి లేని తొట్టి పెట్టి, నైట్రేట్ ఉన్న నీళ్లను మూడు నాలుగింతలు వెనక్కి తిప్పితే సగం క్షారం తిరిగొస్తది, నైట్రోజన్ గాలిల కలుస్తది, పచ్చి మురుగే బ్యాక్టీరియాకు తిండి అయితది. ఇదీ చెడిపోయే తీరుంది: వెనక్కి తిప్పే నీళ్లల్ల ఆక్సిజన్ ఎక్కువుంటే బ్యాక్టీరియా దాన్నే పీల్చుకుంటది, నైట్రేట్‌ను ముట్టదు.

బురద సంగతి చెప్పనే వద్దు. ఆరబెట్టే జాగ నిండిందని బురద తియ్యకుండ ఉంచుతరు, పెద్ద వాన పడ్డనాడు అదంత వాగుల పడుతది. దీన్ని పట్టుకోనీకి లీటరు జాడీ చాలు. గాలి కొట్టే తొట్టి నీళ్లు దాంట్ల పోసి 30 నిమిషాలు కదపొద్దు. లీటరుకు 3 గ్రాముల బురద ఉన్న నీళ్లల్ల అది 300 మిల్లీలీటర్ల కాడికి దిగితే మంచిగున్నట్టు. 500 మీదనే నిలిస్తే బురద దిగుతలేదని అర్థం.

చివరికి క్రిములను చంపే క్లోరిన్. అమ్మోనియా మిగిలుంటే క్లోరిన్ ముందుగాల దాంతోని కలుస్తది. స్వేచ్ఛగ ఉండే క్లోరిన్ కావాలంటే ప్రతి మిల్లీగ్రాం అమ్మోనియా నైట్రోజన్‌కు 8 నుంచి 10 మిల్లీగ్రాములు పొయ్యాలె. కోలిఫాం రిపోర్టు కోసం ఎక్కువ గుమ్మరిస్తే, కింద చేపలు చస్తయి. నదిల వదిలే ముందు బైసల్ఫైట్ అనే మందు కలిపి మిగిలిన క్లోరిన్‌ను చంపాలె. ఆ డబ్బా ఉందో లేదో ఎవరు అడుగుతరు?

మన వార్డు మీటింగులల్ల అడగాల్సింది బోర్డు మీది అంకె కాదు. అమ్మోనియా ఎంత, నైట్రేట్ ఎంత, గత నెల ఎన్ని టన్నుల బురద బయటికి పోయింది అని అడుగున్రి. పొద్దున 10కి ఒక్క సీసాల పట్టిన శాంపిల్ చూపిస్తే ఒప్పుకోవద్దు. రాత్రి 2కు బ్లోయర్ ఆగితే ఆ సీసాల కనపడదు. గంటగంటకు కొంత కొంత పట్టి కలిపిన 24 గంటల శాంపిల్ కావాలె, దాని పక్కన అదే రోజు కరెంటు మీటర్ రీడింగ్ కావాలె.