వేసెక్టమీ మెసేజ్‌లో నాలుగో పాయింటు నమ్మొద్దు

"వేసెక్టమీ: మగవాళ్లకు ఎవరూ చెప్పని ఏడు నిజాలు" అన్న మెసేజ్ మళ్లీ చుట్టూ తిరుగుతోంది. వేసెక్టమీ అంటే పిల్లలు పుట్టకుండా మగవాళ్లకు చేసే ఆపరేషన్, వృషణాల నుంచి వీర్యకణాలను మోసుకెళ్లే వీర్యనాళాన్ని రెండు వైపులా కోసేస్తారు. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లే, మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ ఒక్కరైనా చివరిదాకా చదివి పంపుతున్నారా అని అనుమానం. ఏడింటిలో ఒక్కటి మాత్రం ఒప్పుకోవాల్సిన మాట. దాని సంగతి చివర్లో చెప్తాను.

మొదటిది, "మగతనం పోతుంది." పోదు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ వృషణాల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది, వీర్యనాళంలోంచి ప్రయాణం చేయదు. ఆ నాళం తెగితే కోరికకు గానీ అంగస్తంభనకు గానీ వచ్చే లోటేమీ లేదు.

రెండోది, "పెద్ద ఆపరేషన్, తర్వాత జీవితాంతం బరువులెత్తలేరు." పావుగంట, మహా అయితే అరగంట పని ఇది. మనిషి మెలకువగానే ఉంటాడు, ఆ చోట మాత్రం తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. వృషణాల సంచి చర్మం కింద వీర్యనాళం గట్టి పురికొసలా వేలికి తగులుతుంది. దాన్ని చర్మం మీద నుంచే చిన్న రింగు పట్టకారుతో పట్టి, మొన ఉన్న ఇంకో పట్టకారుతో చిన్న రంధ్రం చేసి, నాళాన్ని ఉచ్చులా బయటికి లాగుతారు. ఆ లాగినప్పుడు గజ్జల్లోనో పొత్తికడుపులోనో ఒక్క క్షణం పీకినట్టుంటుంది. చాలామందిని కంగారు పెట్టేది అదే, ముందే తెలిస్తే కంగారుండదు. నాళాన్ని కోసి, కొసలను కాల్చో కట్టో, మధ్యలో పక్కనున్న పొరను అడ్డం పెట్టి లోపలికి వదిలేస్తారు. రెండో వైపూ ఇంతే. కత్తి వాడని ఈ పద్ధతిని 1974లో చైనాలో డాక్టర్ లీ షున్‌చియాంగ్ రూపొందించారు. రంధ్రానికి చాలాసార్లు కుట్టు కూడా అక్కర్లేదు. బరువులు ఎత్తకూడనిది సుమారు వారం రోజులు. జీవితాంతం కాదు.

మూడోది, "వీర్యం లోపలే పేరుకుపోతుంది." వీర్యంలో వీర్యకణాల వాటా 2 నుంచి 5 శాతం. మిగతా ద్రవమంతా కోతకు అవతల ఉన్న వీర్యాశయాలు, ప్రోస్టేట్ అనే గ్రంథులు ఇచ్చేదే, అది ఎప్పటిలాగే వస్తుంది. బయటికి దారిలేని కణాలను ఒళ్లే పీల్చేసుకుంటుంది.

ఇక నాలుగోది. "ఆపరేషన్ అయిన రోజు నుంచే ఏ జాగ్రత్తా అక్కర్లేదు." తక్కినవాటిలో చాలా మటుకు నమ్మినవాడు భయపడి ఆపరేషన్ మానుకుంటాడేమో, అంతే. ఇది నమ్మితే మాత్రం ఇంట్లోకి కోరుకోని గర్భం వస్తుంది, దాని వెనకే అనుమానం వస్తుంది. "నాకు ఆపరేషన్ అయింది కదా, మరి ఇదెలా వచ్చింది?" అని భార్యను నిలదీసే పరిస్థితి తెచ్చేది ఇలాంటి వాక్యమే. ఇది రాసినాయన ఆ ఇంటికి వచ్చి జవాబు చెప్తాడా?

వీర్యనాళం ఒక్కోటి 30 సెంటీమీటర్ల పైచిలుకు పొడవుంటుంది. కోత పడేది కింద, సంచిలో. అక్కడి నుంచి గజ్జ మీదుగా పైకెక్కి మూత్రాశయం వెనక్కి చేరే మిగతా భాగంలో ఆపరేషన్ రోజుకే కణాలుంటాయి. ఒకటి రెండు సార్లతో అవి ఖాళీ కావు. కనీసం 3 నెలలు గడిచి, ఓ 20 సార్లయినా స్ఖలనం జరిగేదాకా కండోమో ఇంకో పద్ధతో వాడి తీరాలి. గడువు అయిపోయింది కదా అని అప్పుడూ మానేయకూడదు. వీర్య పరీక్ష చేయించాలి.

శాంపిల్‌ను మామూలు కండోమ్‌లో పట్టకండి, దాని పూత కణాలను దెబ్బతీసి రిపోర్టును తారుమారు చేస్తుంది. ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే, మొదటి చుక్కలు కింద పోకుండా పట్టాలి. కణాలు ఎక్కువగా ఉండేది ఆ మొదటి భాగంలోనే. గంటలోపు, చల్లబడకుండా ఒంటికి ఆనించుకుని తీసుకెళ్లాలి. రిపోర్టులో కణాలు అసలు లేకపోయినా, మిల్లీలీటరుకు లక్షలోపు ఉండి ఒక్కటీ కదలకపోయినా సరే, కండోమ్ మానొచ్చు. కదిలేవి కనిపిస్తే నెలా నెలన్నర ఆగి మళ్లీ పరీక్ష. 6 నెలలకూ కదులుతూనే ఉంటే ఆపరేషన్ విఫలమైనట్టే, మళ్లీ చేయాలి.

రిపోర్టు బాగున్నాక కూడా సుమారు 2000 మందిలో ఒకరి విషయంలో తెగిన కొసల మధ్య దారి మళ్లీ ఏర్పడి గర్భం రావచ్చు. కాబట్టి ఆమె నెల తప్పితే ముందు పరీక్షించాల్సింది అతని వీర్యాన్ని, ఆమె నడతను కాదు.

ఐదోది, "కాన్సర్ వస్తుంది." వృషణాల కాన్సర్‌తో సంబంధం లేదు. ప్రోస్టేట్ కాన్సర్ విషయంలో కొన్ని అధ్యయనాల్లో చిన్న తేడా కనిపించింది, మరికొన్నిటిలో కనిపించలేదు. వేసెక్టమీయే కారణమని మాత్రం తేలలేదు.

ఆరోది, "ముడి వేస్తారంతే, కావాలంటే విప్పించుకోవచ్చు." నాళం లోపలి రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో మళ్లీ కలపాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది. "మళ్లీ పిల్లలు కావాలనిపిస్తే?" అన్న ప్రశ్న మనసులో ఉంటే ఈ ఆపరేషన్ ఇప్పుడు వద్దు.

ఏడోది, "కొందరికి నొప్పి చాలాకాలం ఉంటుంది." ఇది నిజం. 100లో ఒకరిద్దరికి నెలల తరబడి, రోజువారీ పనికి అడ్డొచ్చేంత నొప్పి మిగలొచ్చు. దీన్ని పుకారని కొట్టిపారేసే వేసెక్టమీ సమర్థకులది తప్పు. సంతకం పెట్టే ముందే డాక్టరు ఈ మాట చెప్పాలి, చెప్పకపోతే అడగాలి.

మామూలుగా ఉండేది రెండు మూడు రోజుల సలుపు, కాస్త వాపు, నల్లగా కమిలిన మచ్చ. బిగుతు లోదుస్తు వేసుకుని, బట్టలో చుట్టిన ఐసును ఒక్కో విడత 20 నిమిషాల చొప్పున పెట్టుకుని పడుకుంటే తగ్గుతుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పకపోతే లోపల నెత్తురు గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. సంచి గంట గంటకూ ఉబ్బుతున్నా, జ్వరం వచ్చినా, రంధ్రంలోంచి చీము కారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. 3 నెలలు దాటినా నొప్పి వదలకపోతే మందులున్నాయి, నరానికిచ్చే ఇంజెక్షన్ ఉంది, కొద్దిమందికి శస్త్రచికిత్స కూడా ఉంది. "అంతా నీ భ్రమ" అని పంపేస్తే ఇంకో యూరాలజిస్టును కలవండి.