నా స్కూటర్ బ్యాటరీలోని ఏడో నంబరు సెల్లు గారికి బహిరంగ లేఖ

అయ్యా ఏడో నంబరు గారూ,

మొన్న మధ్యాహ్నం బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద, మీటర్లో 30 శాతం చార్జి కనిపిస్తుండగానే మీరు నా ఎలక్ట్రిక్ స్కూటర్ ఆపేశారు. వెనక లారీ డ్రైవరు నన్ను తిట్టిన తిట్లన్నీ న్యాయంగా మీవి. అందుకే పంపుతున్నాను.

మెకానిక్ బ్యాటరీ ప్యాక్ విప్పి, లోడు పెట్టి (అంటే కరెంటు లాగిస్తూ) మల్టీమీటర్ ఆనిస్తే మీ సంగతి బయటపడింది. మీ సెల్లులు పదహారు మంది వరసగా కూర్చున్నారు. పదిహేను మంది 3.2 వోల్టుల దగ్గర నిమ్మళంగా ఉంటే తమరొక్కరే 2.5కి జారి చేతులెత్తేశారు.

మీ వరసలో పద్ధతి పంక్తి భోజనమేనట. ఒకరు చేయి కడిగితే అందరూ లేవాలి. మీదేమో చిన్న పొట్ట. చార్జింగ్ పెడితే అందరికంటే ముందు మీరే 3.65 వోల్టులకి చేరి బ్రేవ్ మంటారు, వడ్డన బంద్. దారిలో ఆకలీ ముందు మీకే. మిగతావాళ్ళ విస్తళ్ళలో ఎంతున్నా బండి కదలదు.

దీనికి విరుగుడుగా బీఎంఎస్ బోర్డు, అంటే సెల్లుల మీద పెత్తనం చేసే సర్క్యూట్, బాలెన్సింగ్ చేస్తుంది. అంటే, నిండిన మీ దగ్గర కాస్త తీసి రెసిస్టర్‌లో వేడిగా తగలేసి, మిగతావాళ్ళకి ఇంకో గరిటె వేయిస్తుంది. అదీ 50 మిల్లీఆంపియర్లతో! ఒక్క ఆంపియర్ అవర్ (గంటసేపు ఒక ఆంపియర్ ఇచ్చేంత చార్జి) తేడా సర్దాలంటే 20 గంటలు. మా ఊళ్ళో గట్టు తగాదాలే ఇంతకంటే త్వరగా తెగుతాయి. (అబద్ధం, తెగవు.) ఎంత సర్దినా అందరూ ఒకేసారి నిండుతారే గానీ మీ పొట్ట పెరగదు. ఉన్నవాడి దగ్గర తీసి లేనివాడికి పెట్టే బోర్డులూ ఉన్నాయట, నా బండి ధరకి అంత ధర్మం రాలేదు.

తప్పు నాదీ ఉంది. బ్యాటరీ ఆయుష్షు పెరుగుతుందని ఎవరో చెబితే రోజూ 90 శాతం దాటగానే ప్లగ్గు పీకేవాణ్ణి. మీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వంశంలో వోల్టేజీ మధ్యలో దాదాపు కదలదు, నిండే వేళకే తేడాలు బయటపడతాయి. బోర్డు పని మొదలెట్టేదీ అప్పుడే. పెద్దమనిషి వచ్చేసరికి నేను రచ్చబండే ఎత్తేసేవాణ్ణి. పైగా బెజవాడ ఎండలో, ప్యాక్ నడిమధ్యన, పక్కవాళ్ళ వేడి కూడా మీ నెత్తినే. ముందు ముసలైపోయారంటే వింతేముంది!

మెకానిక్ మీ ఒక్కరినే మార్చేద్దామంటున్నాడు. కొత్తవాడి పొట్ట పెద్దదే, కానీ అరిగిన పదిహేను మంది పక్కనే కూర్చోవాలి. నిన్న లోడు మీద ఆరో నంబరు గారు కాస్త తూలారు. ఆయనకి రాయడానికి కాగితం కొని ఉంచాను.

ఇట్లు,
ఫ్లైఓవర్ కిందిదాకా తోసుకొచ్చిన మీ యజమాని