ఆ కర్ర కొనే ముందు బంతిని అడగండి

పోయిన వారం మా బావగారు ఒక వీడియో పంపారు. అప్పటికే అదే వీడియో ఇంకో ముగ్గురి దగ్గర్నుంచి నాకు వచ్చి ఉంది. అందులో ఒక బరువైన గోల్ఫ్ కర్ర, తప్పుగా తిప్పితే మధ్యలోకి మడత పడుతుంది. దాంతోపాటు మణికట్టుకు బిగించుకునే పట్టీ ఒకటి. చెప్పే మాటలు ఇవి: కోచ్ అక్కర్లేదు, రోజుకు వందసార్లు తిప్పితే 21 రోజుల్లో కండరాలకు స్వింగ్ గుర్తుండిపోతుంది, బంతి పక్కకు వంగిపోయే స్లైస్ శాశ్వతంగా పోతుంది, దూరం పెరుగుతుంది, ప్రొఫెషనల్స్ అందరూ వాడేది ఇదే. కింద బావగారి మెసేజ్: "ఏమోయ్, రెండు తెప్పించనా? నీకొకటి."

మాది బరంపురం. ఇక్కణ్ణుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు. విశాఖలో ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకు పోవాలంటే పొద్దున్నే రైలెక్కాలి. విశాఖలో ఉద్యోగం చేసినప్పుడు అంటుకున్న పిచ్చి ఇది. ఊరికి తిరిగొచ్చాక రెండు నెలలకో రౌండు దొరికితే గొప్ప. పక్కన కోచ్ లేని మనలాంటివాళ్లకే ఇలాంటి వీడియోలు గట్టిగా తగులుతాయి. మూడేళ్ల క్రితం నాకూ తగిలింది. అలాంటి మడత కర్రకే 3,800 రూపాయలు పోశాను. అందుకే బావగారికి ఫోన్లో చెప్పకుండా ఇలా రాస్తున్నాను, ఆ ముగ్గురూ కూడా చదువుతారని.

ముందు స్లైస్ సంగతి. కుడిచేతివాటం వాడు కొట్టిన బంతి గాల్లో కుడివైపుకు వంగిపోవడమే స్లైస్. బంతి తగిలే క్షణంలో కర్ర ఏ దారిన వస్తోంది, క్లబ్ ఫేస్ (బంతికి తగిలే కర్ర ముఖం) ఎటు చూస్తోంది అన్నవి రెండు వేర్వేరు విషయాలు. బంతి బయలుదేరే దిశ ఎక్కువగా ఫేస్ చూపును బట్టి ఉంటుంది. ఆ చూపుకూ కర్ర దారికీ మధ్య తేడాను బట్టి వంపు వస్తుంది. చాలాకాలం కోచ్‌లే దీన్ని తలకిందులుగా చెప్పేవారు, రాడార్ యంత్రాలు వచ్చాక సరిదిద్దుకున్నారు. మూడో కారణం ఇంకోటుంది. డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే పొడవాటి కర్ర, దాని తల బంతి మధ్యలో తగలకపోతే మెలితిరుగుతుంది. బంతి మధ్యలో కాకుండా మడమ వైపు, అంటే పిడి కడ్డీకి దగ్గరగా తగిలితే, దారి బాగున్నా స్లైస్ తిరుగుడు వస్తుంది. రోగం మూడు రకాలు, బయటికి కనిపించే లక్షణం ఒకటే. మడత కర్ర చూసేది మీరు కుదుపు లేకుండా, ఒక దారిలో తిప్పుతున్నారా అన్నది మాత్రమే. మిగతా రెండింటి ఊసు దానికి తెలియదు.

నా కథే చెబుతాను. మూడో రోజుకల్లా కర్ర మడత పడటం మానేసింది. పదో రోజు డాబా మీద మా అబ్బాయి వీడియో తీస్తే టీవీలో ఆటగాడిలా ఉన్నాను. ఆ ఊపులో విశాఖ వెళ్లి నా డ్రైవర్ తీశాను. మొదటి నాలుగు బంతులూ కుడివైపు చెట్లలోకే. ఇంటికొచ్చాక మా అబ్బాయి వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి మీద పెద్ద చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్ వైపు ఉండేలా టీ (బంతిని ఎత్తి పెట్టే చిన్న పుల్ల) మీద నిలబెట్టి, నెట్‌లోకి కొట్టాను. ఫేస్ మీద నీలం మచ్చ పడింది, సరిగ్గా మడమ దగ్గర. తుడిచి మళ్లీ కొట్టాను, మళ్లీ అక్కడే. పది కొడితే ఎనిమిది అక్కడే. బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నానన్నమాట. ఒక అంగుళం వెనక్కి జరిగితే మచ్చ మధ్యకు వచ్చింది, వంపు సగానికి సగం తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది, అబద్ధం ఎందుకు. కానీ 3,800 చెప్పలేని సంగతి పాతిక రూపాయల మార్కర్ చెప్పింది.

ఇక కండరాలకు గుర్తుండిపోవడం. గుర్తు ఉండేది కండరంలో కాదు, మెదడులో. మెదడు నేర్చుకునేది మీరు ఏది చేస్తే అది. పట్టీ మణికట్టును పట్టుకుని ఉండగా వందసార్లు తిప్పితే, పట్టీతో తిప్పడమే బాగా వస్తుంది. 1984లో సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కలిపి చూసి ఇదే చెప్పారు. ప్రతిసారీ సాయం అందుతుంటే సాధనలో పని బాగా కనిపిస్తుంది, సాయం తీసేస్తే పడిపోతుంది. నేను డాబా మీద టీవీ ఆటగాణ్ణి, విశాఖలో మామూలు మనిషిని అయింది ఇందుకే. 1999లో వుల్ఫ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు గోల్ఫే ఎరగని కొత్తవాళ్లతో పిచ్ షాట్లు, అంటే దగ్గర్నుంచి బంతిని పైకి లేపి వేసే దెబ్బలు, కొట్టించారు. తమ చేతుల కదలిక మీద దృష్టి పెట్టినవాళ్ల కంటే కర్ర ఊపు మీద పెట్టినవాళ్లు గురిగా కొట్టారు. మణికట్టుకు పట్టీ బిగిస్తే దృష్టి ఎక్కడికి పోతుందో మీరే చెప్పండి.

21 రోజుల లెక్క అయితే గోల్ఫ్‌ది కానే కాదు. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, తన రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. ఆ "కనీసం" ఎక్కడో రాలిపోయి అంకె ఒక్కటే మిగిలింది. తర్వాత లండన్‌లో మామూలు అలవాట్ల మీద పరిశోధన చేస్తే సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. అదీ రోజూ ఒక గ్లాసు నీళ్లు తాగడం లాంటి పనులకు.

ప్రొఫెషనల్స్ అందరూ వాడతారన్నది సగం నిజం. నేల మీద పరిచే సన్నటి కడ్డీలు, చంకలో ఇరికించే టవల్ వాళ్ల సంచుల్లో నిజంగానే ఉంటాయి. వాళ్ల పక్కన చూసేవాడు కూడా ఉంటాడు, అది వీడియోలో చూపించరు. పైగా పోటీలో రౌండు మొదలయ్యాక ఇలాంటివి పెట్టుకుని స్వింగ్ సాధన చేయకూడదు. 2010లో అమెరికాలోని ఆరెగాన్‌లో జరిగిన సేఫ్‌వే క్లాసిక్ అనే మహిళల పోటీలో జూలీ ఇంక్‌స్టర్ అనే ప్రొఫెషనల్ పదో టీ (పదో గుంటకు ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చి, ఒళ్లు పట్టేయకుండా కర్రకు బరువు చక్రం తగిలించి తిప్పింది. టీవీలో చూసినవాడెవడో ఈమెయిల్ కొట్టాడు, ఆమెను పోటీ నుంచి తీసేశారు. ఇప్పుడు మొత్తం దెబ్బలు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో మొదటి తప్పుకు రెండు స్ట్రోకుల జరిమానా, రెండోసారికి అనర్హత. అసలు ఏ సాధనమూ లేకుండా వచ్చినవాళ్ల మాటేమిటి? రాయల్ కలకత్తా క్లబ్బులో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్‌ఎస్‌పీ చౌరాసియా. పెద్దవాళ్ల ఆట చూసి నేర్చుకున్న ఆ మనిషి 2016లో, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు.

బరువు కర్రతో దూరం పెరుగుతుందన్న దానికి రెండు ముక్కలు చాలు. బరువు తిప్పి దింపాక మామూలు కర్ర తేలిగ్గా *అనిపిస్తుంది*. బేస్‌బాల్‌లో కొలిచి చూస్తే బ్యాటు వేగం పెరగలేదు, కాస్త తగ్గింది కూడా. తేలిక కర్రలతో వేగం పెంచుకునే సాధన వేరే ఉంది, దాంతో కొందరికి లాభమే. కానీ స్లైస్ కొట్టేవాడు వేగం పెంచుకుంటే బంతి ఇంకా దూరంగా చెట్లలోకి పోతుంది, అంతే.

అయితే సాధనాలన్నీ దండగా అంటే, కాదు. మేస్త్రీ దారం కట్టేది గోడ వంకర పోతే తెలియడానికి. ఇటుక పేర్చడం మాత్రం ఆయనే చేయాలి. అలాంటి దారం లాంటి వస్తువైతే వాడండి. కరెంటు వైరింగుకు వాడే ప్లాస్టిక్ పైపు రెండు ముక్కలు కోయించుకుని, ఒకటి గురి వైపు, ఒకటి పాదాల వరసకు పరవండి. మీరు గురికి సూటిగా నిలబడ్డామనుకున్నది ఎంత పక్కకో తెలిసిపోతుంది. కోచ్ లేనిచోట ఫోన్ కెమెరాను నడుము ఎత్తులో, గురి రేఖ మీద వెనక నుంచి పెట్టండి. కోచ్‌కు సాటి రాదు గానీ ఏడాదికి రెండుసార్లు విశాఖ వెళ్లినప్పుడు ఆ వీడియోలు ఒక కోచ్‌కు చూపిస్తే చాలా పని జరుగుతుంది.

గోపాలపూర్ బీచ్ మనకు పదహారు కిలోమీటర్లే. మొన్న ఆదివారం పొద్దున్నే బావగారిని అక్కడికే తీసుకెళ్లాను. అల వెనక్కి పోయిన తడి ఇసుకలో కర్ర మొనతో గీత గీసి, దాని మీద బంతి ఉందనుకుని ఐరన్‌తో (లోహపు పలక తల ఉన్న గోల్ఫ్ కర్రతో) తిప్పమన్నాను. ఇసుక లేచిన గుంట గీత దగ్గర మొదలై ముందుకు పోవాలి. ఆయనది గీతకు జానెడు వెనకే మొదలైంది. మళ్లీ తిప్పారు, మళ్లీ వెనకే. ఇంకో గీత గీసుకున్నారు. వేటకు పోయి వచ్చిన పడవ దగ్గర వలలు సర్దుకుంటున్నవాళ్లు పని ఆపి చూస్తున్నారు. అరగంటయ్యాక నేను టీ తాగి వచ్చేసరికి ఆ ఒడ్డంతా గీతలే. పదిహేనో గీతో పదహారో గీతో గానీ, దాని గుంట మాత్రం గీతను ముట్టుకుంది.

"ఏమోయ్, ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కిస్తారంటావా?" అన్నారు.